పసిబిడ్డతో పళ్ల క్లినిక్ నడపడం: ఐదు దారులు, ఎవరికి ఏది నయం?

బీడీఎస్ (పళ్ల డాక్టరు డిగ్రీ) పూర్తి చేసి, ఊళ్లో ఒక కుర్చీతో క్లినిక్ పెట్టుకుని, నాలుగు డబ్బులు కళ్లజూసే వేళకి కడుపు పండుతుంది. ఆ రోజు నుంచి ఇంటా బయటా అందరూ ఒకటే అడుగుతారు: "మరి క్లినిక్ ఏం చేస్తావమ్మా?" మూసేయమనేవాళ్లు కొందరు. పిల్లని అత్తగారికి అప్పజెప్పి నడుపుకోమనేవాళ్లు కొందరు. హాయిగా ఉద్యోగంలో చేరిపొమ్మనేవాళ్లు ఇంకొందరు. సలహా ఇచ్చేవాళ్లలో నెలాఖరుకి క్లినిక్ అద్దె కట్టేవాళ్లు మాత్రం ఉండరు.

ఒక డాక్టరు, ఒక అసిస్టెంటు ఉండే చిన్న పళ్ల క్లినిక్‌ని మనసులో పెట్టుకుని ఇది రాస్తున్నాను. ఫిజియోథెరపీ, హోమియో, ఆయుర్వేదం ప్రాక్టీసు చేసే తల్లులకీ చాలావరకు పనికొస్తుంది. తేడా వచ్చిన చోట చెబుతాను.

## ముందుగా చూసుకోవాల్సినవి

సాయంత్రం ఎవరిది? నా లెక్కలో మిగతావన్నీ దీని తర్వాతే. "టైమ్ సరిపోతుందా" అని అందరూ అడుగుతారు గానీ, రోజుకి ఐదారు గంటల పని ఎలాగో సర్దుకోవచ్చు. ఆ గంటలు ఎప్పుడన్న దగ్గరే తగాదా. మన ఊళ్లలో పేషెంట్లు ఎక్కువగా వచ్చేది సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది మధ్య. ఆఫీసు నుంచి వచ్చేవాళ్లు, కొట్లో ఎవరినో కూర్చోబెట్టి వచ్చేవాళ్లు, బడి వదిలాక పిల్లల్ని తీసుకొచ్చేవాళ్లు, అందరూ అప్పుడే. పసిపిల్ల పేచీ పెట్టేదీ, అమ్మ ఒళ్లో తప్ప ఆగనిదీ సరిగ్గా ఆ వేళకే. చిన్న ఊళ్లలో డే కేర్ దొరికినా సాధారణంగా ఆరు దాటాక ఉంచుకోరు. అంగన్‌వాడీలో ప్రీస్కూలుకి తీసుకునేది మూడేళ్లు నిండాక, అదీ పగటిపూటే. అంటే డబ్బు పెట్టినా సాయంత్రానికి మనిషి దొరకడం కష్టం. కాబట్టి ఏ దారి చూసినా "వారంలో ఎన్ని సాయంత్రాలు అడుగుతుంది" అని ముందు లెక్కపెట్టండి.

మీరు వెళ్లని నెలలో ఎంత ఖర్చవుతుంది? అద్దె, అసిస్టెంటు జీతం, కరెంటు, కుర్చీ మీద ఉన్న ఈఎంఐ, బయోమెడికల్ వ్యర్థాలు (వాడిన సూదులు, రక్తం అంటిన దూది లాంటివి) తీసుకెళ్లేవాళ్ల నెల ఫీజు. పేషెంటు వచ్చినా రాకున్నా ఇవి ఆగవు. ఉదాహరణకి ఇవన్నీ కలిపి నెలకి 35,000 అనుకోండి. మూడు నెలలు మూస్తే 1,05,000. తర్వాతి మూడు నెలలు సగం రాబడే వస్తుందనుకుంటే ఆ లోటు కూడా కలపాలి. అది బ్యాంకులో లేకుండా "చూద్దాంలే" అనుకుంటే, ఒళ్లు కోలుకోకముందే కుర్చీ దగ్గరికి వెళ్లాల్సి వస్తుంది.

సగంలో ఉన్న వైద్యం, రాత్రి ఫోన్లు. పన్ను పీకించుకున్న పేషెంటు రాత్రి పదింటికి ఫోన్ చేస్తాడు: "డాక్టరమ్మా, రక్తం ఆగట్లేదు." దూది మార్చి, కొత్తది గట్టిగా అరగంట కరిచి పట్టుకోమని, ఉమ్మొద్దని, పుక్కిలించొద్దని, వేడివి తాగొద్దని చెబితే చాలాసార్లు సర్దుకుంటుంది. సర్దుకోకపోతే ఎవరో ఒకరు తలుపు తీసి చూడాలి. ఆ ఎవరో ఒకరు మీరేనా? ఫిజియో, హోమియో వాళ్లకి ఈ బెడద తక్కువ.

పిల్లని చూసే మనిషి రాని రోజు. వచ్చే రోజుల ఏర్పాటు అందరికీ ఉంటుంది. ఆయమ్మ వాళ్ల ఊళ్లో జాతర, అత్తయ్యకి మోకాళ్ల నొప్పి, మీ అమ్మగారు తమ్ముడింటికి వెళ్లారు. అలాంటి రోజు ఎలా గడుస్తుందన్నది చూడాలి.

మళ్లీ మొదలుపెట్టడం ఎంత తేలిక? ఏడాది మూసిన క్లినిక్ తెరిస్తే పాత పేషెంట్లలో ఎంతమంది తిరిగొస్తారన్నది పక్క వీధిలో ఈలోగా ఎవరు బోర్డు పెట్టారన్నదాన్ని బట్టి ఉంటుంది.

## ఒక్క చూపులో

| దారి | సాయంత్రాలు | కదలని ఖర్చు | రాత్రి ఫోన్ | ఆయమ్మ రాని రోజు | తిరిగి ఎదగడం |
|---|---|---|---|---|---|
| ఇంట్లోనే క్లినిక్ | పేరుకి మీవి, నిజానికి పేషెంట్లవి | తక్కువ | మీకే, గేటు దగ్గరికే వస్తారు | కొంత నయం | తేలిక |
| అద్దె క్లినిక్, వేళలు తగ్గించి | మీరు పెట్టుకున్నన్నే | ఎక్కువ | మీకే | కష్టం | తేలిక |
| మరో డాక్టరుతో కలిసి | సగం | ఎక్కువే, కానీ రాబడి ఆగదు | పంచుకోవచ్చు | నయం | చాలా తేలిక |
| కన్సల్టెంటుగా తిరగడం | బేరమాడినన్ని | దాదాపు లేదు | క్లినిక్ యజమానికి | అపాయింట్‌మెంట్లు పాడవుతాయి | కష్టం |
| ఉద్యోగం | షిఫ్టుని బట్టి | లేదు | లేదు | సెలవు పెట్టాలి | సొంత ప్రాక్టీసు మళ్లీ మొదటి నుంచి |

పట్టికలో అన్నీ సమానంగా కనిపిస్తాయి, నిజంలో అలా ఉండవు. ఒక్కొక్కటీ చూద్దాం.

## ఇంట్లోనే క్లినిక్

కింద క్లినిక్, పైన ఇల్లు. వినగానే ఇంతకంటే ఏం కావాలి అనిపిస్తుంది. పాలిచ్చి రావచ్చు, అద్దె లేదు, ప్రయాణం లేదు. అందరూ ముందు చెప్పే సలహా ఇదే. నేను మాత్రం కాస్త ఆగి ఆలోచించమంటాను.

ఇల్లూ క్లినిక్కూ ఒకటైతే వేళలు ఉండవు. బోర్డు మీద "ఉదయం 10 నుంచి 1" అని ఎంత పెద్దగా రాసినా మధ్యాహ్నం రెండున్నరకి గేటు చప్పుడవుతుంది: "మేడమ్ ఉన్నారా? ఒక్క నిమిషం చూస్తే చాలు." పిల్ల అప్పుడే నిద్రపోయి ఉంటుంది. కాదంటే తెలిసినవాళ్లు, అవునంటే రేపు ఇంకొకరు. పైన పిల్ల ఏడుపు వినబడుతుండగా చేతిలో ఎయిరోటార్ (పన్ను తొలిచే పరికరం) పట్టుకుని రూట్ కెనాల్ చేయడం ఎంత టెన్షనో చేసినవాళ్లకే తెలుసు. బయట క్లినిక్‌లో ఉంటే ఆ ఏడుపు వినబడదు, పని పని మీద సాగుతుంది. దూరం కూడా ఒక్కోసారి మేలే.

ఖర్చులూ పూర్తిగా పోవు. ఇంట్లో పెట్టినా రిజిస్ట్రేషన్ తప్పదు: ఆంధ్రప్రదేశ్‌లో 2002 నాటి ప్రైవేటు వైద్య సంస్థల చట్టం కింద, తెలంగాణలో 2010 నాటి క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం కింద. క్లినిక్ భాగానికి కరెంటు గృహ కేటగిరీ కాకుండా వాణిజ్య కేటగిరీలోకి వస్తుంది, విడిగా మీటరు పెట్టించుకోవడం మంచిది. బయోమెడికల్ వ్యర్థాల నిబంధనలు, 2016 చిన్న క్లినిక్‌కీ వర్తిస్తాయి. సూదులు, బ్లేడ్లు గుచ్చుకోని తెల్ల డబ్బాలోకే వెళ్లాలి, శుద్ధి చేయని వ్యర్థాన్ని 48 గంటలకి మించి ఉంచకూడదు. పాకే పిల్ల ఉన్న ఇంట్లో ఈ నిబంధనలు ఇంకో కారణానికి కూడా అవసరం. క్లినిక్‌కి వేరే గుమ్మం, మధ్యలో తాళం వేసే తలుపు లేకపోతే ఈ దారి వద్దనే చెబుతాను.

ఫిజియో, హోమియో వాళ్లకి మాత్రం ఇది పళ్ల డాక్టర్లకంటే బాగా కుదురుతుంది. కంప్రెసర్ మోత లేదు, సూదుల గొడవ తక్కువ, పిల్ల ఏడిస్తే రెండు నిమిషాలు లేచి వెళ్లినా పేషెంటు నోరు తెరుచుకుని పడుకుని ఉండడు.

## అద్దె క్లినిక్, వేళలు తగ్గించి

ఉన్న క్లినిక్‌నే ఉంచుకుని ఉదయం తొమ్మిదిన్నర నుంచి ఒంటిగంటన్నర దాకా, వారానికి రెండు సాయంత్రాలు మాత్రం తెరవడం. ఆ రెండు సాయంత్రాలు ఏవో మారకూడదు. మంగళ, శుక్రవారాలంటే మంగళ, శుక్రవారాలే. రోజుకో వేళ పెడితే పేషెంటు రెండుసార్లు తాళం చూసి మూడోసారి రాడు.

ఉదయాలు ఖాళీగా ఉంటాయని భయపడతారు. గృహిణులు, రిటైరైనవాళ్లు, పల్లెల నుంచి బస్సులో వచ్చి మధ్యాహ్నానికి ఇల్లు చేరాలనుకునేవాళ్లు ఉదయమే వస్తారు. రూట్ కెనాల్, జ్ఞానదంతం తీయడం వంటి పెద్ద పనులు ఉదయం పెట్టుకుంటే లాభం ఇంకొకటి ఉంది: మత్తు దిగాక వచ్చే నొప్పి, రక్తం గురించిన ఫోన్లు పగలే వచ్చేస్తాయి. సాయంత్రాలకి క్లీనింగ్, చెకప్, క్యాప్ పెట్టడం లాంటివి ఉంచండి.

నాలుగు గంటల ఓపీ అంటే నాలుగు గంటలే కాదు. పరికరాలు కడిగి, ప్యాక్ చేసి, ఆటోక్లేవ్‌లో (ఆవిరితో క్రిములు చంపే యంత్రం) 121 డిగ్రీల దగ్గర పెట్టి, ఆరబెట్టి తీసేసరికి గంట దగ్గర పడుతుంది. ఆ పని నమ్మకంగా చేసే అసిస్టెంటు ఉంటేనే మీరు ఒంటిగంటన్నరకి కదలగలరు. జీతంలో వెయ్యి, రెండు వేలు ఎక్కువైనా ఆ అమ్మాయిని వదులుకోకండి.

పాల సంగతి. ఆరు నెలలదాకా తల్లిపాలే ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. పిండిన పాలు 25 డిగ్రీలు మించని గదిలో నాలుగు గంటలు, ఫ్రిజ్‌లో నాలుగు రోజులు ఉంటాయి. మన ఏప్రిల్, మే నెలల్లో గది 25 దగ్గర ఎక్కడాగుతుంది! పిండగానే ఫ్రిజ్‌లోకే. క్లినిక్‌లో మందులు పెట్టే ఫ్రిజ్ కాకుండా, ఐస్ ప్యాకులు వేసిన చిన్న కూలర్ బ్యాగు ఒకటి కొనుక్కోండి. నాలుగు గంటల ఉదయం వేళకైతే వెళ్లేముందు, రాగానే పాలిస్తే చాలామందికి గడిచిపోతుంది.

ఈ దారికున్న లోటు డబ్బే. ఖర్చు పూర్తిగా, రాబడి ముప్పాతికకి తక్కువ. ఈఎంఐ ఇంకా సగం మిగిలి ఉంటే ఒంటరిగా ఈ దారి పట్టడం కష్టం.

## మరో డాక్టరుతో కలిసి

పళ్ల డాక్టరు తల్లికి అన్నిటికంటే బాగా కుదిరేది ఇదేనని నా అభిప్రాయం. ఉదయాలు మీరు, మీరు రాని సాయంత్రాలు ఇంకో డాక్టరు. కుర్చీ ఖాళీగా ఉండదు, అద్దె తనకి తాను కట్టుకుంటుంది, ప్రసవం నెలల్లో తలుపుకి తాళం పడదు. ఇప్పుడే పీజీ ప్రవేశ పరీక్షకి చదువుకుంటున్న జూనియర్లు, పగలు కాలేజీలో ట్యూటర్లుగా చేసేవాళ్లు సాయంత్రం పనికి దొరుకుతారు. కుదిరితే ఇంకో తల్లినే తీసుకోండి, ఒకరి పిల్లకి జ్వరమొస్తే ఒకరు చూసుకోవచ్చు.

కానీ కాగితం రాసుకోకుండా మొదలుపెట్టకండి. స్నేహితురాలైతే మరీ ముఖ్యం. గొడవ ఎక్కువగా ల్యాబ్ ఖర్చు దగ్గర వస్తుంది. ఉదాహరణకి క్యాప్‌కి పేషెంటు 5,000 ఇచ్చాడు, ల్యాబ్‌కి 1,200 పోయింది, ఆ రెండో డాక్టరు వాటా 40 శాతం. ల్యాబ్ ఖర్చు తీసేశాక వాటా అయితే ఆమెకి 1,520. తీయకుండా అయితే 2,000. ఒక్క క్యాప్ మీద 480 తేడా. నెలాఖరున ఇద్దరూ ఎవరి లెక్క వాళ్లు వేసుకుని ముఖాలు మాడ్చుకుంటారు. ఏది ముందో రాసేయండి. క్యాప్ ఊడితే, ఫిల్లింగ్ విరిగితే ఉచితంగా మళ్లీ ఎవరు చేయాలో, రాత్రి ఫోన్ ఏ రోజు ఎవరిదో, పేషెంట్ల రికార్డు క్లినిక్‌దేనని కూడా రాయండి. "మానేశాక పక్క వీధిలో క్లినిక్ పెట్టకూడదు" అని చాలామంది రాయించుకుంటారు. వృత్తి చేసుకోకుండా ఆపే ఒప్పందం చెల్లదనే 1872 నాటి కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ముందు అది నిలవడం కష్టం. దాని మీద ఆశ పెట్టుకోకండి.

"మేడమే చూడాలి" అని కూర్చునే పేషెంట్లు ఉంటారు. ఏడో నెల నుంచే కొత్త డాక్టరుని పక్కన నిలబెట్టుకుని, "వీరు కూడా మీ పన్ను చూస్తారండీ" అని మీ నోటితో చెబితే సగం మంది ఒప్పుకుంటారు. మిగతా సగం మీరొచ్చేదాకా ఆగుతారు, లేదా వెళ్లిపోతారు. వెళ్లనివ్వండి.

## కన్సల్టెంటుగా తిరగడం

సొంత క్లినిక్ ఆపేసి, ఇతరుల క్లినిక్‌లకి పిలిచినప్పుడు వెళ్లి కేసు చేసి వాటా తీసుకోవడం. ఎండీఎస్ (బీడీఎస్ తర్వాత పీజీ) చేసినవాళ్లకి, ముఖ్యంగా ఆర్థోడాంటిక్స్ (క్లిప్పులు వేసేవాళ్లు), ఎండోడాంటిక్స్ (రూట్ కెనాల్ చేసేవాళ్లు) వాళ్లకి ఇది చక్కగా నడుస్తుంది. క్లిప్పులు వేసుకున్నవాళ్లు నెలకోసారి వస్తారు కాబట్టి, ఒక క్లినిక్‌కి నెలలో ఒకటో రెండో పూటలు చాలు, అన్ని అపాయింట్‌మెంట్లూ ఆ పూటకే సర్దుకోవచ్చు. ఉత్త బీడీఎస్‌కి పిలుపులు తక్కువ, వాటా తక్కువ.

సుఖం ఏమిటంటే అద్దె లేదు, రాత్రి ఫోన్ యజమానికి పోతుంది. కష్టం ఏమిటంటే మీరు రాకపోతే ఇంకొకరిని పిలుస్తారు. పిల్లకి జ్వరమని రెండుసార్లు చెబితే మూడోసారి ఫోన్ రాదు. ప్రసూతి సెలవు అన్నమాటే ఉండదు. మీ పేరు కూడా పేషెంటుకి గుర్తుండదు, ఆ క్లినిక్ పేరే గుర్తుంటుంది. రెండేళ్లకి ఆపద్ధర్మంగా పనికొస్తుంది. ఆ రెండేళ్లూ మీ కుర్చీని మూలన పడేయకండి, వారానికోసారైనా నీటి లైన్లు పారించండి, లేదంటే వచ్చిన ధరకి అమ్మేయండి.

## ఉద్యోగం

ఇక్కడొక మెలిక ఉంది. 2017లో ప్రసూతి చట్టం మారినప్పటి నుంచి మొదటి ఇద్దరు పిల్లలకి 26 వారాల జీతంతో సెలవు, ఆ తర్వాతి కాన్పుకి 12 వారాలు. అంతకుముందు ఏడాదిలో కనీసం 80 రోజులు పనిచేసి ఉండాలి. కానీ అది ఉద్యోగికి. క్లినిక్‌లలో చాలామందిని నెలనెలా ఒకే మొత్తం ఇస్తూనే "కన్సల్టెంటు" అని కాగితం మీద రాసుకుంటారు. జీతం స్లిప్పు, పీఎఫ్ లేకుండా, ప్రొఫెషనల్ ఫీజు అని 10 శాతం టీడీఎస్ కోస్తుంటే వాళ్ల దృష్టిలో మీరు ఉద్యోగి కాదు, ఆ సెలవు అడిగితే చూపించేది ఆ కాగితమే. చేరేముందే ఆఫర్ లెటర్ చదవండి. గర్భంతో ఉన్నప్పుడు ఆ సెలవు కోసమే చేరదామనుకుంటే 80 రోజుల లెక్క వేసుకోండి.

కార్పొరేట్ క్లినిక్‌ల షిఫ్టుల్లో సాయంత్రాలు, ఆదివారాలు తప్పవు. అంటే మన మొదటి ప్రశ్నకే అది తప్పుతుంది. సాయంత్రం కోసం ఉద్యోగం చూసుకునేవాళ్లకి డెంటల్ కాలేజీలో ట్యూటరు పని నయం: జీతం అంతంతమాత్రం, కానీ పొద్దున్న వెళ్తే సాయంత్రం నాలుగైదింటికల్లా ఇంట్లో ఉంటారు. కాలేజీ ఉన్న ఊరైతేనే సుమా.

## మరి ఎవరికి ఏది?

అత్తయ్యగారో అమ్మగారో ఇంట్లోనే ఉండి, ఆరోగ్యంగా, ఇష్టంగా పిల్లని చూసుకుంటానంటే అద్దె క్లినిక్, తగ్గించిన వేళలు. "ఇష్టంగా" అన్న మాట ఊరికే రాయలేదు. మొహమాటానికి ఒప్పుకున్న పెద్దవాళ్ల మీద వారానికి ఐదు సాయంత్రాలు పెడితే ఆరో నెలకే ఇంట్లో మాటలు తగ్గుతాయి.

ఇద్దరే ఉండే ఇల్లు, భర్తది కూడా ఏడింటికి తెమిలే ఉద్యోగం అయితే, మరో డాక్టరుతో కలిసి నడపడం తప్ప సొంత క్లినిక్ నిలవడం కష్టం. అది కుదరకపోతే ఏడాదిన్నర కన్సల్టెంటుగా చేయండి. భర్త వారానికి రెండు సాయంత్రాలు ఖచ్చితంగా ఆరింటికి ఇంట్లో ఉండగలిగితే మాత్రం లెక్క మొత్తం మారిపోతుంది. ఈ మాట బయటివాళ్ల సలహాల్లో ఎప్పుడూ ఉండదెందుకో.

అప్పు ఎక్కువగా ఉన్నవాళ్లు మూసేయడం గురించి ఆలోచించకండి. మూసిన క్లినిక్ ఈఎంఐ కట్టదు. వాటా తక్కువ వచ్చినా కుర్చీ తిరగాలి.

క్లినిక్ పెట్టి ఏడాది కూడా కాలేదు, పేషెంట్లు ఇంకా అలవాటు పడలేదు అంటే, నా మాట వినేవాళ్లకి ఒకటే: ఆపేసి ఉద్యోగమో ట్యూటరు పనో చూసుకోండి. రెండింటినీ ఒకేసారి పసితనం నుంచి పెంచడం చాలా కష్టం.

## ఏ దారైనా, ప్రసవానికి ముందు

ఎనిమిదో నెల నుంచి నాలుగైదు సిట్టింగులు పట్టే కొత్త కేసులు మొదలుపెట్టకండి. తాత్కాలిక ఫిల్లింగ్‌తో వదిలేసిన రూట్ కెనాళ్ల జాబితా రాసి, ఒక్కోటీ ముగించండి, లేదా ఎవరు ముగిస్తారో పేషెంటుకి చెప్పండి. ఎక్స్‌రే తీసేటప్పుడు కనీసం రెండు మీటర్ల దూరంలో నిలబడండి. గర్భం నిర్ధారణ అయ్యాక కడుపులో బిడ్డకి మిగతా నెలలన్నీ కలిపి తగిలే రేడియేషన్ 1 మిల్లీసీవర్ట్ (రేడియేషన్ కొలత) దాటకూడదని అణుశక్తి నియంత్రణ మండలి పరిమితి. ఆ నెలల్లో బటన్ నొక్కే పని వేరేవాళ్లకి ఇచ్చేస్తే పోయె.

మొదటి కాన్పుకి పుట్టింటికి వెళ్లేవాళ్లు క్లినిక్ ఊరికీ పుట్టింటి ఊరికీ దూరం చూసుకోండి. మూడో నెలకి వస్తానని బోర్డు పెట్టి ఐదో నెలకి రావడం కంటే, ఐదో నెల అని రాసి నాలుగో నెలకి రావడం మేలు.

తిరిగి వచ్చాక మొదటి వారాల్లో బొటనవేలి వైపు మణికట్టు నొప్పి వస్తే అలసటే అనుకుని వదిలేయకండి. పసిపిల్లని చంకల కింద చేతులు పెట్టి ఎత్తే తల్లులకి డీ కర్వెయిన్ అనే స్నాయువుల వాపు మామూలే. మనకి అదే బొటనవేలితో స్కేలర్ (పాచి గీకే పరికరం), ఫైలు (రూట్ కెనాల్ సన్న సూది) పట్టుకోవాలి. బొటనవేలు చాచకుండా అరచేతులు కిందనుంచి పోనిచ్చి పిల్లని ఎత్తండి, రోజుకి రెండు పెద్ద కేసులకి మించి పెట్టుకోకండి, తగ్గకపోతే స్ప్లింటు (మణికట్టు కదలకుండా కట్టే పట్టీ) కోసం ఆర్థోపెడిక్ డాక్టరుని కలవండి.

చివరిగా అద్దె కాగితం. ఈ ఏర్పాట్లలో ఏదీ పదేళ్లకి కాదు. పిల్ల బడికి వెళ్లడం మొదలుపెట్టగానే ఉదయాలు ఖాళీ అవుతాయి, సాయంత్రాలు హోంవర్కుకి పోతాయి. జూన్‌లో బడులు తెరిచేదాకా వేసవి సెలవులంతా పిల్ల ఇంట్లోనే, క్లినిక్‌లో చూస్తే క్లిప్పులకీ పిల్లల పళ్లకీ అదే సీజను. అందుకని యజమాని మూడేళ్ల లాకిన్ (మధ్యలో ఖాళీ చేయకూడదన్న షరతు) అడిగితే ఒప్పుకోకండి. 11 నెలల అగ్రిమెంటు రాయించి, అది ఫిబ్రవరిలోనో మార్చిలోనో ముగిసేలా చూసుకోండి. అప్పుడు వేసవి రద్దీకి ముందే కొత్త వేళలు, కొత్త వాటాలు, అవసరమైతే కొత్త గది మాట్లాడుకోవచ్చు.